ఆ ఆరు లక్షల్లో కంపెనీ కొత్తగా ఇస్తున్నది ఎంత?

మధురవాడ నుంచి ఒకాయన రాశారు. వయసు 39, రుషికొండ మీద ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ పని, సర్వీసు 8 ఏళ్ళ 7 నెలలు, జీతం నెలకి 1,10,000, అందులో బేసిక్ 55,000. ప్రాజెక్ట్ పోయింది, హెచ్ఆర్ వాళ్ళు మీటింగ్ రూమ్‌కి పిలిచి 6 లక్షలు సెవరెన్స్ (ఉద్యోగంలోంచి పంపేటప్పుడు ఇచ్చే డబ్బు) అని లెటర్ చేతిలో పెట్టి శుక్రవారం లోపు సంతకం పెట్టి ఇవ్వమన్నారు. ఈయన ఒక్కరి జీతమే, భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న, అందరూ ఒకే ఇంట్లో. నాన్నగారికి రెండేళ్ళ క్రితం స్టెంట్ వేశారు. ఇంటి లోన్ ఈఎంఐ 28,500. ఇవి చాలవన్నట్టు భోగాపురం ఎయిర్‌పోర్ట్ దగ్గర ప్లాట్‌కి 3 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి ఉన్నారు, ఇంకా 9 లక్షలు కట్టాలి. ఆయన అడిగింది ఇది: "6 లక్షలు ఇంటి ఖర్చులకి ఉంచుకుని, పే స్లిప్పులు ఉన్నప్పుడే 9 లక్షలు పర్సనల్ లోన్ తీసేసుకుని రిజిస్ట్రేషన్ చేయించేసుకోమని ఏజెంట్ అంటున్నాడండీ, చెయ్యొచ్చా?"

వద్దండీ. ముందు ఇది చెప్పేసి మిగతా మాట్లాడతాను. 9 లక్షలు 14 శాతానికి ఐదేళ్ళకి తీసుకుంటే నెలకి దాదాపు 21,000 ఈఎంఐ, ఇంటి ఈఎంఐతో కలిపి 49,500, అదీ జీతం రాని ఇంట్లో. పైగా ఉద్యోగం పోతోందని తెలిసి కూడా బ్యాంకుకి చెప్పకుండా పే స్లిప్పులు పెట్టి లోన్ తీసుకోమనే సలహా ఇచ్చినవాడి మాట ఇంకే విషయంలోనూ వినొద్దు, వాడికి కావాల్సింది వాడి కమీషన్, మూడో నెల ఈఎంఐ బౌన్స్ అయితే రికవరీ వాళ్ళు వచ్చేది మీ గుమ్మంలోకి, వాడి గుమ్మంలోకి కాదు. ప్లాట్ యజమానిని కలిసి గడువు అడగండి, ఒప్పుకోకపోతే అడ్వాన్స్‌లో కొంత వదులుకునైనా బయటికి వచ్చేయండి, ఎయిర్‌పోర్ట్ ఎక్కడికీ పోదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం మొత్తంలో 6 లక్షలు ఎక్కడ పెట్టాలనే ఉంది, ఆ 6 లక్షలు ఎలా వచ్చాయో ఒక్క ముక్క లేదు. నా దగ్గరికి ఉద్యోగం పోయి వచ్చేవాళ్ళలో చాలామంది ఇలాగే వస్తారు, అందుకే మీకు ఒక్కరికే జవాబు ఇచ్చి ఊరుకోకుండా అందరికీ కనబడేలా రాస్తున్నాను. మీకు కంపెనీ ఇచ్చిన లెటర్ రెండో పేజీలో ఒక లైన్ ఉంది, "గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, నోటీస్ పే సహా అన్ని బకాయిలూ కలిపి" అని. ఆ లైన్ దగ్గర ఆగి, సంతకానికి కాదు, లెక్కకి పెన్ను పట్టుకోండి. గ్రాట్యుటీ అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసుని బట్టి చట్టం ప్రకారం వచ్చే డబ్బు, దానికి ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కింద లెక్క, కాబట్టి మీకు 9 ఏళ్ళు. గ్రాట్యుటీకి నెలంటే 26 రోజులే, అందుకని 55,000ని 26తో భాగించి, 15తో, 9తో గుణిస్తే 2,85,577. ఆఫర్ లెటర్ ప్రకారం నోటీస్ రెండు నెలలు, ముందుగా చెప్పకుండా పంపేస్తే ఆ రెండు నెలల జీతం నోటీస్ పే కింద ఇవ్వాలి, అది 2,20,000. వాడని సెలవులు 18 రోజులు, బేసిక్ మీద 33,000. మొత్తం 5,38,577. ఇదంతా మీరు ఇప్పటికే సంపాదించుకున్నది, సంతకం పెట్టినా పెట్టకపోయినా మీకు రావాల్సిందే. 6 లక్షల్లోంచి ఇది తీసేస్తే 61,423. ఎనిమిదిన్నరేళ్ళకి పైగా పనిచేసినందుకు, ఇంకెప్పుడూ ఏమీ అడగనని రాసిచ్చినందుకు, కంపెనీ కొత్తగా ఇస్తున్నది 17 రోజుల జీతం కూడా కాదు.

ఇలా ముద్దగా ఇస్తే టాక్స్‌లో కూడా దెబ్బే. చట్టం ప్రకారం వచ్చే గ్రాట్యుటీకి 20 లక్షల వరకు టాక్స్ లేదు, ఉద్యోగం మానేటప్పుడు వచ్చే సెలవుల డబ్బుకి కూడా లెక్క ప్రకారం మినహాయింపు ఉంది, నోటీస్ పే, కంపెనీ తనంతట తాను ఇచ్చే సెవరెన్స్ మాత్రం జీతంలాగే టాక్స్ పడతాయి. మొత్తాన్ని సెవరెన్స్ అని ఒకే పేరు పెట్టి ఇస్తే మొత్తం మీద టీడీఎస్, అంటే ముందే పట్టుకునే టాక్స్, కోసేస్తారు. కాబట్టి మొట్టమొదట అడగాల్సింది, ఏ పేరు మీద ఎంతో విడివిడిగా రాసి ఇమ్మని. వాళ్ళకి పైసా ఖర్చు లేని పని ఇది.

ఆ 61,423 ఎంతకి పెంచమనాలి అంటే, రిట్రెంచ్‌మెంట్‌కి, అంటే మీ తప్పేమీ లేకుండా ఉద్యోగంలోంచి తీసేసినందుకు, చట్టంలో ఉన్న లెక్క పట్టుకోండి, సర్వీసు ఏడాదికి 15 రోజుల వేతనం. బేసిక్ మీదే, నెలకి 30 రోజుల లెక్కన వేసుకున్నా 9 ఏళ్ళకి 2,47,500. ఇది మేనేజర్లకి వర్తించదు, కానీ పేరు పక్కన లీడ్ అని ఉన్నంత మాత్రాన మేనేజర్ అయిపోరు, రోజూ చేసే పని ఏంటన్నదే చూస్తారు, మీరు రాసినదాన్ని బట్టి మీ కింద ఎవరూ లేరు, టెస్టింగ్ మీరే చేస్తున్నారు. సంతకానికి ముందు ఒక లేబర్ లాయర్‌కి ఫీజు ఇచ్చి గంటసేపు కూర్చోండి. ఇంకో మాట, హెచ్ఆర్ వాళ్ళు మీ రికార్డు బాగుంటుందని చెప్పి రాజీనామా రాయమంటారు, రాశారంటే తీసేసినందుకు వచ్చే ఈ 15 రోజుల లెక్క అడగడానికి మీకు నోరుండదు. సెటిల్‌మెంట్ 45 రోజులకి ఇస్తామని రాశారు, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం ఉద్యోగంలోంచి తీసేస్తే జీతం బకాయి రెండు పనిదినాల్లో ఇవ్వాలి, గ్రాట్యుటీకి 30 రోజులు. ఏడాది పాటు ఇదే రంగంలో చేరకూడదు అన్న క్లాజు కూడా తీయించేయండి, ఉద్యోగం మానేశాక అలాంటి షరతు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ముందు నిలబడదు గానీ దానికోసం కోర్టు చుట్టూ తిరిగే ఓపిక మీకెందుకు.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు మీ ఉత్తరం చదువుతుంటే గుండెలో గాభరా పుట్టించింది నాన్నగారి స్టెంట్ సంగతి. హెల్త్ ఇన్సూరెన్స్ ఉందా అంటే కంపెనీది ఉంది అని రాశారు, అంతే. ఆ కంపెనీ పాలసీ మీ చివరి పనిదినంతో ఆగిపోతుందండీ. గాజువాకలో నా క్లయింట్ ఒకాయన, ఉద్యోగం పోయి పదకొండో రోజు, వాళ్ళ నాన్నకి తెల్లవారుజామున ఛాతీ నొప్పి వస్తే ఒక ప్రైవేట్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు, క్యాష్‌లెస్ కౌంటర్ దగ్గర ఆ అమ్మాయి కార్డు నంబర్ మూడుసార్లు కొట్టి చూసి "సార్, యాక్టివ్ లేదు" అంది. ఆయన ఫోన్ చేసింది నాకే. బిల్లు 4,20,000. వాళ్ళావిడ గాజులు, నానుతాడు కూడా తాకట్టుకి వెళ్ళాయి, సెవరెన్స్ డబ్బులు ఇంకా అకౌంట్‌లో పడనేలేదు. ఆ పొద్దున్న ఫోన్‌లో ఆయన గొంతు నాకు ఇంకా వినబడుతుంది, అందుకే ఈ ఒక్క విషయంలో నేను ఎవరినీ వదలను.

కాబట్టి బేరంలో అన్నిటికంటే ముందు అడగాల్సింది ఎక్కువ డబ్బు కాదు, తేదీ. రెండు నెలల నోటీస్ డబ్బు చేతికి ఇచ్చి రేపే పంపించేయకుండా ఆ రెండు నెలలూ రోల్స్ మీద, అంటే ఉద్యోగుల జాబితాలోనే, ఉంచమనండి, ఆఫీసుకి రావద్దంటే ఇంట్లోనే ఉంటారు, జీతం నెలనెలా అదే పడుతుంది. కంపెనీకి పెద్ద తేడా లేదు, మీకు మాత్రం రెండు నెలలు ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ నడుస్తుంది, పీఎఫ్ పడుతుంది, కొత్త ఇంటర్వ్యూలో ఇంకా ఉద్యోగంలోనే ఉన్నానని నిజంగానే చెప్పొచ్చు. కుదరదంటే పాలసీ సంవత్సరం ఆఖరు వరకైనా కవర్ కొనసాగించమని అగ్రిమెంట్‌లో రాయించుకోండి, నోటి మాట పనికిరాదు.

ఆ రెండు నెలలు కూడా ఊరికే గడపొద్దు. గ్రూప్ పాలసీలోంచి బయటికి వెళ్ళేటప్పుడు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే అవకాశం మీకూ, కుటుంబానికీ ఉంది, అలా మారితే ఇన్నేళ్ళు కవర్‌లో ఉన్న కాలం వెయిటింగ్ పీరియడ్‌లో, అంటే పాత జబ్బులకి క్లెయిమ్ ఇవ్వని తొలి కాలంలో, కలుస్తుంది. అది వదిలేసి ఆర్నెల్ల తర్వాత కొత్తగా కొనబోతే నాన్నగారి గుండె జబ్బుకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అసలు ఇవ్వం అనొచ్చు కూడా. అమ్మానాన్నకి ఒక పాలసీ, మీ నలుగురికి ఇంకోటి. ప్రీమియం ఎక్కువే ఉంటుంది, 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి కొంత నయం, ఆ పెంచి ఇచ్చే సెవరెన్స్‌లోంచి మొదటి చెక్కు దీనికే రాయండి. కంపెనీ ఇచ్చే గ్రూప్ టర్మ్, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే ఇన్సూరెన్స్, అది కూడా అదే రోజు పోతుంది, ఇంటి లోన్ ఉన్న మనిషి టర్మ్ పాలసీ లేకుండా ఒక్కరోజు ఉండకూడదు, ఉద్యోగం లేనివాళ్ళకి అది దొరకడం కష్టం, రోల్స్ మీద ఉండగానే అప్లై చేయండి, పరిస్థితి ఏదీ దాచకుండా.

మిగతా డబ్బు ఇంటి లోన్‌లో కట్టొద్దు, ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో పడుండనివ్వండి. పీఎఫ్ ముట్టుకోవద్దు.

ఈ రాత్రికి మీరు చేయాల్సింది ఒక మెయిల్. గొడవ మాటలు వద్దు, ఇలా రాయండి: "లెటర్ చదువుకుని సలహా తీసుకోవడానికి నాకు పది రోజులు కావాలి. గ్రాట్యుటీ, నోటీస్ పే, సెలవుల డబ్బు, సెవరెన్స్ విడివిడిగా చూపించగలరు. నా చివరి పనిదినం నోటీస్ కాలం ముగిసే తేదీగా మార్చమని కోరుతున్నాను." ఆఫీస్ మెయిల్‌తో పాటు మీ సొంత మెయిల్‌కి కూడా కాపీ పెట్టుకోండి, ఆఫీస్ మెయిల్ ఎప్పుడు ఆపేస్తారో తెలీదు. పంపేశాక నాన్నగారి స్టెంట్ ఫైలు, డిశ్చార్జ్ సమ్మరీ బయటికి తీసి పెట్టుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు అడిగేది అదే.