శాకాహారులైన అమ్మానాన్నలకు హైదరాబాద్‌లో ఉదయం టిఫిన్

అమ్మానాన్నలను హైదరాబాద్‌లో ఉదయం టిఫిన్‌కు ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగారు. వాళ్లు శాకాహారులు, నాన్నగారికి ఎక్కువసేపు నిలబడలేని మోకాళ్ల నొప్పి అన్నారు కదా. అలాగైతే ముందు ఆబిడ్స్‌లోని తాజ్ మహల్ హోటల్‌కు తీసుకెళ్లండి. కూర్చుని నిదానంగా ఇడ్లీ, దోసె తినవచ్చు. చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ వద్ద గోవింద్ బండి వెన్న దోసె నాకు ప్రాణమే కానీ, అక్కడ నిలబడే తినాలి. పెద్దవాళ్లకు వద్దు.

తర్వాత ఎండ ముదరకముందే చార్మినార్ పక్కనున్న నిమ్రా కేఫ్‌కు వెళ్లండి. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా మరుగుతాయి. చిక్కటి పాలు కప్పులో పడగానే రంగు మారడం అమ్మగారికి తప్పక చూపించండి. ఉస్మానియా బిస్కట్‌ను చాయ్‌లో ఒక్క క్షణమే ముంచాలి, ఆలస్యమైతే విరిగి అడుగుకు చేరుతుంది. ఉప్పు, తీపి కలిసిన ఆ రుచి నాన్నగారికి కచ్చితంగా నచ్చుతుంది. బిస్కట్లు ఇంటికీ కొనుక్కోండి.