హార్లాక్స్టన్ మేనర్ ఏ శతాబ్దపు కట్టడం?

ఇంగ్లండ్‌లోని హార్లాక్స్టన్ మేనర్ అనే భారీ భవంతి బయట ఎలిజబెత్ కాలపు (16వ శతాబ్దపు) భవనంలా, లోపల బరోక్ అనే 17-18వ శతాబ్దాల ఆడంబర శైలిలో కనిపిస్తున్నందున మీ వ్యాసంలో దానిని ఏ శతాబ్దానిదిగా పేర్కొనాలని అడిగారు. నిస్సంకోచంగా 19వ శతాబ్దమని రాయండి. లింకన్‌షైర్‌లో గ్రాంథమ్ సమీపాన గ్రెగరీ గ్రెగరీ అనే భూస్వామి దీనిని 1830లలో కట్టించడం ప్రారంభించారు. పాత శైలులను అనుకరించడం అప్పటి సంపన్నుల అభిరుచి. బాహ్యరూపాన్ని వాస్తుశిల్పి ఆంథొనీ సాల్విన్ తీర్చిదిద్దగా, 1838లో ఆయన స్థానంలోకి మరో వాస్తుశిల్పి విలియం బర్న్ వచ్చారు. ముఖ్యంగా సెడార్ మెట్లశాలను పరిశీలించండి: అక్కడ వేలాడే తెరలు, కుచ్చులు నిజమైన బట్టేనని భ్రమ కలిగించినా, అవి ప్లాస్టర్‌తో మలచినవి (నన్నడిగితే, భవనం మొత్తంలో ఆ గారడీకి సాటి లేదు). 1971 నుంచి ఇది అమెరికాలోని ఎవాన్స్‌విల్ విశ్వవిద్యాలయపు బ్రిటిష్ ప్రాంగణంగా ఉన్నందువల్ల, ఆ ప్రాంగణం ఏర్పడిన సంవత్సరాన్ని నిర్మాణకాలంతో కలపకుండా వేరుగా చూపండి.