ఒంగోలు గిత్త ప్రాజెక్టులో మాస్టారు కొట్టేసిన వాక్యం గురించి

తప్పు 'ఎండకి తట్టుకోవడానికి' అన్న మాటలో ఉంది. మీ వాడు "ఎండకి తట్టుకోవడానికి ఒంగోలు గిత్త ఒళ్లు తెల్లబడింది" అని రాశాడన్నారు కదా. కావాలనుకుని ఏ జంతువూ మారదు.

ఇలా మార్పించండి:

1. మందలో తేడాలు ముందే ఉంటాయి. కొన్ని తెల్లవి, కొన్ని ముదురువి.

అందరూ వదిలేసేది ఈ మెట్టే. ఎండ ఆ తేడాని పుట్టించదు, ఉన్నవాటిలో ఏది నిలబడుతుందో తేలుస్తుంది, అంతే. తరతరాలుగా ఆడపిల్లలకి చెవులు కుట్టిస్తున్నాం, కుట్టిన చెవులతో ఎవరైనా పుట్టారా? పిల్లాడికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

2. తెల్ల వెంట్రుకలు ఎండని తిప్పికొడతాయి, కింద నల్ల చర్మం కాపాడుతుంది. అలాంటివి ఎక్కువ ఈనుతాయి, ఆ గుణం దూడలకి వస్తుంది.

3. మన రైతుల చెయ్యీ రాయాలి. మూపురం, బలం చూసి ఆబోతుని ఎంచుకున్నది వాళ్లే. దీన్ని కృత్రిమ ఎంపిక అంటారు.

4. మేత బాగుండి దూడ ఏపుగా పెరగడం పరిణామం (తరతరాలుగా జాతి మారడం) కాదు. అది దాని దూడలకి రాదు.

గుణాలు తరతరాలుగా దూడలకి వస్తాయనడానికి రుజువు కావాలంటే బ్రెజిల్ చాలు. మన పశువుల సంతతి అక్కడ 'నెలోర్' అనే పేరుతో, అదే మూపురంతో ఉంది. ఆ పేరు మన నెల్లూరే!