రెండు విశ్వవిద్యాలయాలు, ఒకే సిద్ధాంత గ్రంథం

ప్రశ్న: నేను చరిత్రలో పిహెచ్.డి. మొదటి సంవత్సరం చదువుతున్నాను. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం వచ్చాక కోస్తా జిల్లాల వారు యానాం వెళ్లి జరిపించుకున్న అలాంటి పెళ్లిళ్లు నా అంశం. ఫ్రాన్సులోని ఒక విశ్వవిద్యాలయంతో కలిపి ఉమ్మడి డాక్టరేట్ చేయమని మా గైడ్ గారు అంటున్నారు. చేయవచ్చునా?
- ఒక పరిశోధక విద్యార్థిని, కాకినాడ

జవాబు: చేయవచ్చునమ్మా. మీ అంశం ఉమ్మడి పరిశోధనకు తగినదే. 1930 ఏప్రిల్‌లో అమలుకు వచ్చిన ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకే పరిమితం. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండడం వల్లనే పెళ్లిబృందాలు అక్కడికి తరలివెళ్లాయి. కనుక మీకు కావలసిన కాగితాలూ రెండు ప్రభుత్వాల వద్ద చీలిపోయి ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వ దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లోనూ, ఫ్రెంచి వలసపాలన దస్త్రాలు ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌ నగరంలో ఉన్న జాతీయ భాండాగారంలోనూ చూడాలి. కేవలం దస్త్రాలు చూసి రావడమే పని అయితే మాత్రం కొన్ని నెలల పర్యటన చాలు, అందుకోసం ఇంత యంత్రాంగం అక్కరలేదు. వలస చట్టాలను, ఫ్రెంచి పౌర నమోదు (జనన, వివాహ, మరణాల నమోదు) పద్ధతిని క్షుణ్ణంగా ఎరిగిన రెండో గైడ్ మీ అధ్యాయాలను వరుసగా చదివి సరిదిద్దాలని మీకు అనిపిస్తేనే ఉమ్మడి మార్గం పట్టండి.

ఫ్రాన్సులో 1994 నుంచి ఉన్న ఈ పద్ధతిని కోట్యుటెల్ అంటారు. మన వైపు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనలు ఉమ్మడి డాక్టరేట్‌ను అనుమతిస్తున్నాయి: రెండు చోట్లా ఒక్కొక్క గైడ్ ఉండాలి, ఒక్కొక్క చోట కనీసం ఒక సెమిస్టరు గడపాలి, సిద్ధాంత గ్రంథం మాత్రం ఒకటే సమర్పించాలి. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే నాక్‌లో కనీసం 3.01 స్కోరు గాని, కేంద్రం ఇచ్చే ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకుల విశ్వవిద్యాలయాల జాబితాలో మొదటి వందలో స్థానం గాని ఉన్న మన సంస్థ, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉన్న విదేశీ సంస్థతో యూజీసీ ముందస్తు అనుమతి లేకుండానే ఒప్పందం చేసుకోవచ్చు. మీ విశ్వవిద్యాలయం ఈ కోవలోకి వస్తుందో లేదో రిజిస్ట్రారు కార్యాలయంలో ముందే కనుక్కోండి.

అసలు కష్టమంతా ఒప్పంద పత్రంలో ఉంటుంది. గైడ్‌లిద్దరికీ ఎంత స్నేహమున్నా, కాగితం మీద లేని మాట వైవా (మౌఖిక పరీక్ష) నాటికి అక్కరకు రాదు. ఫీజు ఏ సంవత్సరం ఎక్కడ కట్టాలి, గ్రంథం ఏ భాషలో రాయాలి, వైవా ఎక్కడ జరగాలి, పట్టా ఒకటా రెండా అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. ఫ్రెంచి నియమం ప్రకారం వైవా ఒక్కసారే జరుగుతుంది, పరీక్షకుల్లో రెండు సంస్థల వారూ ఉంటారు. గ్రంథం ఇంగ్లీషులో ఉంటే ఫ్రెంచిలో సారాంశం జతచేయాలి. మన నిబంధనల ప్రకారం గైడ్ కాక కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు గ్రంథాన్ని చదివి నివేదిక ఇవ్వాలి. ఈ రెండింటినీ ఒకే ఏర్పాటుతో తృప్తిపరిచే వాక్యాన్ని ఇప్పుడే రాయించుకోండి.

గడువు విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన దగ్గర కోర్సువర్క్‌తో (మొదట్లో పూర్తిచేయాల్సిన తరగతులతో) కలిపి కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల వరకు వ్యవధి ఉంటుంది; ఫ్రాన్సులో పూర్తికాలపు డాక్టరేట్‌ను మూడేళ్లలో ముగించాలని ఆశిస్తారు. అందుచేత కోర్సువర్క్ ముగిసి, పరిశోధన ప్రణాళికకు ఆమోదం వచ్చాకే అక్కడ నమోదు కావడం మేలని నా అభిప్రాయం. ఈలోగా ఫ్రెంచి మొదలుపెట్టండి. దస్త్రాల్లో గుమాస్తాల చేతిరాత ఎదురైనప్పుడు, దానిని మీ తరఫున ఏ గైడూ కూర్చుని చదివిపెట్టరు.