ఇంకు మార్చే ముందు ఒక్కసారి చదువు

అల్లుడూ,

ఫోటో ప్రింటర్‌కు కంపెనీ ఇంకు కొనలేకపోతున్నా, బయటి పిగ్మెంట్ ఇంకుకు మారిపోతానని నిన్న ఫోన్‌లో అన్నావు కదా. మారొద్దని చెప్పను, అనంతపురంలో నేను ఆరేళ్లుగా బయటి ఇంకుతోనే ఆల్బమ్‌లు వేస్తున్నా. కానీ ఈ ఎండల్లో వద్దు. మన దగ్గర మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఉండదు, ఇంకు చిమ్మే హెడ్డు మీద ఇంకు ఆరిపోయి దాని సన్న రంధ్రాలు, అంటే నాజిల్స్, మూసుకుపోతే తప్పు కొత్త ఇంకుదా ఎండదా అని తేల్చుకోలేవు. వానలు పడనీ.

ఈలోపు ఆ ఎండనే వాడుకో. ఇంకు అమ్మేవాళ్లను వాళ్ల ఇంకుతో వేసిన ప్రింటు ఒకటి అడుగు, సగానికి కత్తిరించి ఒక ముక్క బీరువాలో, ఇంకోటి అద్దం కింద మిద్దె మీద పెట్టు. రెండు నెలలకు రెండూ పక్కపక్కన పెట్టి రంగు ఎంత వెలిసిందో చూస్తే ఎవరి మాటా వినక్కర్లేదు.

నీ ఎప్సన్ 7900లో 11 కార్ట్రిడ్జ్‌లు. ఏది అయిపోతే అది మారుస్తానన్నావే, అది మాత్రం చేయకు. నేను అలాగే చేశా. పాత రంగులు, కొత్త రంగులు కలిసి ఒక పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురి అవ్వ తెల్ల జుట్టు గులాబీ రంగుకు తిరిగింది. ఆ ఇంటివాళ్లు ఏమీ అనలేదు గానీ ఆ పేజీ దగ్గర వాళ్ల చెయ్యి ఆగడం నేను చూశా, ఆల్బమ్ మొత్తం మళ్లీ వేసిచ్చా. మారిస్తే అన్నీ ఒకేసారి మార్చు.

సీసాలు రాగానే తలకిందులు చేసి అడుగు చూడు, ఎల్లోలో బాగా తెలుస్తుంది. పిగ్మెంట్ నీళ్లలో కరగదు, సన్నటి పొడిగా తేలుతుంటుంది, కదపకుండా ఉంచితే అడుక్కి దిగుతుంది. మెల్లగా అటూ ఇటూ తిప్పు, నురగ వచ్చేలా ఊపితే గాలి బుడగలు హెడ్డులోకి పోతాయి. ఎంత తిప్పినా మడ్డి వదలకపోతే ఆ సీసా వెనక్కి పంపెయ్.

పాత ఐసీసీ ప్రొఫైల్, అంటే ఆ ఇంకుతో ఆ పేపరు మీద రంగులు సరిగ్గా రావడానికి వాడే ఫైలు, ఇక పనికిరాదు. పైపుల్లో పాత ఇంకంతా పోయాక, కలర్ మేనేజ్‌మెంట్ (రంగులను సాఫ్ట్‌వేర్ సరిచేయడం) ఆపేసి రంగు గడుల టార్గెట్ షీట్ వేసి, ఒక రోజు ఆరనిచ్చి, రంగును కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిపించి కొత్త ప్రొఫైల్ చేయించు, మెరిసే లస్టర్ పేపరుకు వేరే, మెరవని మ్యాట్ పేపరుకు వేరే. ఖర్చే, కానీ ఇంకులో మిగిలే డబ్బులో మొదటి వాటా దీనిదే.

వారానికి రెండు ప్రింట్లే వేసేటట్టయితే మాత్రం మారకు, మిగిలేది హెడ్డు క్లీనింగ్‌కే పోతుంది.

ఈ రోజే కంపెనీ ఇంకుతో నాజిల్ చెక్ (నాజిల్స్ అన్నీ పనిచేస్తున్నాయో చూపే గీతల ప్రింటు) వేసి, తేదీ రాసి దాచు, ఇప్పటికే ఏ గీతలు తెగుతున్నాయో రేపు తెలియాలి కదా. దాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు.

మీ మామ