విదేశీ ఆన్‌లైన్ కోర్సు చర్చలో రాయలేకపోతున్నవారికి

అమెరికా విశ్వవిద్యాలయం నడిపే ఆన్‌లైన్ కోర్సులో పాఠాలు చదివితే అర్థమవుతున్నాయి గానీ చర్చలో ఒక్క వాక్యం రాయడానికి కూడా చెయ్యి రావడం లేదని, మానేయాలా అని విజయవాడ నుంచి అడిగారు. దయచేసి మానేయకండి. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లో కూర్చుని అలాంటి కోర్సే పూర్తిచేసిన నాకు తెలిసినంతలో, మీకు అడ్డుపడుతున్నది ఇంగ్లీషు వ్యాకరణం కన్నా మనం బడిలో నేర్చుకున్న మర్యాద.

మాస్టారు చెబుతున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదని, అడగాల్సింది ఉంటే తరగతి అయ్యాక అడగాలని మనల్ని పెంచారు. నేను చేసిన కోర్సులో చర్చలో పాల్గొన్నందుకు మార్కులు ఉండేవి కాబట్టి, నా వినయం అక్కడ పాఠం చదవని నిర్లక్ష్యంగా లెక్కకొచ్చింది. చివరికి ధైర్యం చేసి, 'ఐ హ్యావ్ ఎ డౌట్ ఇన్ యువర్ లెక్చర్' అని రాశాను. మనకు డౌట్ అంటే తెలియనిది అడగడమే గానీ, పాఠం చెప్పే ఆవిడకు అది పాఠం మీద అపనమ్మకంలా తోచి, ఏ భాగం తప్పని అనుకుంటున్నారో చెప్పమని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మా వాడుకను వివరించి, 'క్వశ్చన్' అని మార్చి రాస్తే, రెండు పేరాల సమాధానం వచ్చింది. అప్పటినుంచి అడగదలచినది ముందు తెలుగులో రాసుకుని, వీడియోలో ఎన్నో నిమిషం దగ్గర ఆగిపోయానో చేర్చి, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టడం అలవాటు చేసుకున్నాను.

అంకెల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. మా మిర్చి యార్డుకు వచ్చే సరుకు మీద ప్రాజెక్టు చేస్తూ పట్టికలో 1,25,000 టిక్కీలు అని రాస్తే, దాన్ని దిద్దిన తోటి విద్యార్థి కామా తప్పుచోట పడిందని మార్కు తగ్గించాడు. వాళ్లు 125,000 అని రాస్తారు, వాళ్ల లెక్కలో లక్ష అనే మాట లేదు. టిక్కీ అంటే మిరపకాయల బస్తా అని ఒక్క వాక్యం కలిపి ఉంటే అతనికీ ఇబ్బంది ఉండేది కాదు.

యాస అందకపోతే ఉపశీర్షికలు పెట్టుకుని వేగాన్ని 0.75కు తగ్గించండి, రెండు మూడు వారాల్లో చెవికి అలవాటవుతుంది.

గడువు విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. న్యూయార్క్ కాలమానంలో ఆదివారం రాత్రి 11:59 అంటే, అక్కడ వేసవి సమయం అమల్లో ఉన్నప్పుడు మనకు సోమవారం ఉదయం 9:29, లేనప్పుడు 10:29 అవుతుంది. అక్కడ గడియారాలను మార్చిలో రెండో ఆదివారం ముందుకు, నవంబరులో మొదటి ఆదివారం వెనక్కు తిప్పుతారు. ఆ మార్చి మార్పును గమనించక, ఇంకా గంట ఉందనుకుని నేను ఒక అసైన్‌మెంటు పోగొట్టుకున్నాను.

ఈ వారం చర్చకు మీరు రాయాలనుకుంటున్నది తెలుగులోనే నాకు పంపండి, ఇంగ్లీషులో పెట్టడానికి నేను తోడుంటాను.