క్లస్టర్‌లో స్క్రాచ్ తుడిచేస్తారట, 2 టెరాబైట్ల డేటా ల్యాప్‌టాప్‌లోకి ఎలా దించుకోవాలి?

అడిగినవారి పరిస్థితి ఇది: క్లస్టర్ (చాలామంది కలిసి వాడే కంప్యూటర్ల గుంపు) స్క్రాచ్‌లో, అంటే తాత్కాలిక నిల్వ స్థలంలో, 2 టెరాబైట్లు, దాదాపు 30 లక్షల ఫైళ్ళు. 60 రోజులుగా ముట్టుకోని ఫైళ్ళన్నీ తీసేస్తామని అడ్మిన్ల నుంచి మెయిల్ వచ్చింది. ఎస్‌సీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు కాపీ చేసే కమాండ్) పెడితే రాత్రంతా నడిచి మధ్యలో తెగిపోతోంది.

2 టెరాబైట్లూ దించకండి. అందులో ముప్పావు వంతు చెత్తే అని చూడకుండానే చెప్పగలను. పాత చెక్‌పాయింట్లు (జాబ్ మధ్యలో దాచుకున్న స్థితి), క్రాష్ అయిన జాబులు వదిలిన కోర్ డంపులు (మెమరీ కాపీలు), ఒకే డేటాసెట్‌కు మూడు కాపీలు, "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" అనే ఫోల్డర్లు. ఎవరి స్క్రాచ్ తెరిచినా ఇదే సరుకు. కావాల్సినవి కోడ్, ఇన్‌పుట్ ఫైళ్ళు, జాబ్ స్క్రిప్టులు, లోడ్ చేసిన సాఫ్ట్‌వేర్ మాడ్యూళ్ళ వెర్షన్లు, పేపర్‌లోని గ్రాఫులకు ఆధారమైన తుది ఫలితాలు. మళ్ళీ రన్ చేస్తే ఒక పూటలో వచ్చేదాన్ని మోసుకుపోవడం దండగ. కాండా (ప్యాకేజీలు పెట్టే సాధనం) ఎన్విరాన్‌మెంట్‌ను అసలే మోయకండి, ప్యాకేజీల జాబితా ఎగుమతి చేసుకుంటే ఒక చిన్న ఫైలుతో సరిపోతుంది.

ఇక ఎస్‌సీపీ సంగతి. 1 గిగాబిట్ లైన్ మీద సెకనుకు గరిష్ఠంగా 125 మెగాబైట్లు వెళ్తాయి, అంటే 2 టెరాబైట్లకు నాలుగున్నర గంటలు. 100 మెగాబిట్ లైన్ అయితే 44 గంటలకు పైనే. ఇవి పెద్ద ఫైళ్ళకు పనికొచ్చే లెక్కలు. 30 లక్షల చిన్న ఫైళ్ళు పంపడమంటే ఇటుకలు ఒక్కొక్కటే మోస్తూ మేడ ఎక్కడమే. లస్టర్ లాంటి, క్లస్టర్లలో వాడే ఫైల్ సిస్టమ్‌లో పేర్లు, అనుమతులు మెటాడేటా సర్వర్ దగ్గర ఉంటాయి, అసలు డేటా వేరే సర్వర్ల మీద ఉంటుంది. ప్రతి ఫైలుకూ రెండు చోట్లకూ వెళ్ళి రావాలి. లక్ష ఫైళ్ళున్న డైరెక్టరీలో వివరాలతో ఎల్ఎస్ (ఫైళ్ళ జాబితా చూపే కమాండ్) కొడితే టెర్మినల్ బిగుసుకుపోయేది ఇందుకే. పైగా ఆ మెటాడేటా సర్వర్ అందరిదీ. మీ దెబ్బకు పక్కవాళ్ళ జాబులూ నత్తనడక నడుస్తాయి. కోటా కూడా చాలా చోట్ల రెండు రకాలుగా ఉంటుంది, ఒకటి సైజుకు, ఇంకొకటి ఫైళ్ళ సంఖ్యకు. ఖాళీ కనిపిస్తున్నా "డిస్క్ కోటా ఎక్సీడెడ్" అని వస్తే రెండోది నిండిందన్నమాట.

కాబట్టి ముందు టార్ కట్టండి, అంటే చాలా ఫైళ్ళను ఒకే ఆర్కైవ్ ఫైలుగా మూటగట్టండి. ఒక్కో ఆర్కైవ్ 50 నుంచి 100 గిగాబైట్ల మధ్య ఉంటే బాగుంటుంది. మొత్తం ఒకే టార్‌గా కడితే ఎక్కడ చెడినా అంతా మొదటికొస్తుంది. మరీ చిన్న ముక్కలైతే కట్టిన ప్రయోజనం ఉండదు. ఈ పని అందరూ లాగిన్ అయ్యే లాగిన్ నోడ్ మీద చేయకండి, ఎక్కువసేపు నడిచే ప్రాసెస్‌లను అక్కడ చంపేస్తారు. మామూలు జాబ్‌గా, జాబులు నడిచే కంప్యూట్ నోడ్ మీద నడపండి. కుదించాలంటే జీజిప్ కన్నా జెడ్‌స్టాండర్డ్ చాలా వేగం. ఇప్పటికే కుదించి ఉన్న హెచ్‌డీఎఫ్ ఫైళ్ళను, బొమ్మలను మళ్ళీ కుదిస్తే సీపీయూ టైం వృథా. ప్రతి ఆర్కైవ్ పక్కన లోపలి ఫైళ్ళ జాబితా, ఫైలు చెడలేదని సరిచూసుకునే ఎస్‌హెచ్‌ఏ 256 చెక్‌సమ్ పెట్టండి. ఆర్నెల్ల తర్వాత ఒక్క ఫైలు కోసం పది టార్లు విప్పే బాధ ఈ జాబితాతో తప్పుతుంది.

పంపడానికి మీ సెంటర్‌లో (క్లస్టర్ నడిపే చోట) డేటా ట్రాన్స్‌ఫర్ నోడ్ ఉంటే అదే వాడండి. గ్లోబస్ అనే ఫైల్ బదిలీ సేవ ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, తెగినా తనే కొనసాగిస్తుంది, చెక్‌సమ్ కూడా సరిచూస్తుంది. లేకపోతే టీమక్స్ (కనెక్షన్ తెగినా టెర్మినల్‌ను నడుపుతూ ఉంచేది) లోపల ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్, దానికి సగం వచ్చిన ఫైలును ఉంచే పార్షియల్ ఆప్షన్. ఎస్‌సీపీ తెగితే మళ్ళీ మొదటి నుంచి, ఆర్‌సింక్‌కు ఆ గొడవ లేదు. కానీ దాన్లో రెండు గుంటలున్నాయి. సోర్స్ పేరు చివర స్లాష్ ఉంటే ఫోల్డర్ లోపలివి మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్తుంది. ఒకసారి అలా, ఇంకోసారి ఇలా కొడితే డేటా అంతా రెండుసార్లు చేరి డిస్క్ నిండుతుంది. రెండోది సోర్స్‌లో లేనివాటిని గమ్యంలో చెరిపే డిలీట్ ఆప్షన్. సోర్స్ డిస్క్ మౌంట్ కాకుండా ఖాళీ డైరెక్టరీ మిగిలిన రోజున అది మీ బ్యాకప్‌ను కూడా ఖాళీ చేసి పెడుతుంది. డ్రై రన్ (ఏమీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపేది) చూడకుండా ఆ ఆప్షన్ జోలికి పోవద్దు.

మీ సెంటర్ చివరి మార్పు తేదీని చూసి తుడిచే రకమైతే ఇంకో మెలిక ఉంది. టార్ విప్పినా, ఆర్‌సింక్‌కు ఆర్కైవ్ ఆప్షన్ (-a) ఇచ్చి తెచ్చినా ఫైళ్ళకు పాత తేదీలే వస్తాయి. ఈ రోజు స్క్రాచ్‌లో విప్పిన ఫైలు రెండేళ్ళ పాతదిగా కనబడి రేపటి తుడుపులోనే పోవచ్చు. టార్ విప్పేటప్పుడు ఎమ్ ఆప్షన్ (-m) ఇస్తే ఇవాళ్టి తేదీ పడుతుంది. గడువు దాటించడానికి రోజూ అన్నిటి మీదా, తేదీని ఇవాళ్టికి మార్చే టచ్ కమాండ్ నడపడం వేరే సంగతి. అది చాలా సెంటర్లలో నిషిద్ధం, పట్టుబడితే ఖాతా ఆపేస్తారు.

"సెంటర్ వాళ్ళు బ్యాకప్ తీస్తారుగా" అనేవారి కోసం క్యోటో యూనివర్సిటీ సంగతి చెప్పాలి. 2021 డిసెంబరు 14 నుంచి 16 మధ్య అక్కడి సూపర్ కంప్యూటర్ స్టోరేజీ నుంచి సుమారు 77 టెరాబైట్లు, 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు చెరిగిపోయాయి. 14 పరిశోధక బృందాలవి. చెరిపింది బ్యాకప్ స్క్రిప్టే! పాత లాగ్ ఫైళ్ళను తీసేయాల్సిన ఆ బ్యాష్ (లినక్స్ కమాండ్లు నడిపే షెల్) స్క్రిప్టు నడుస్తూ ఉండగానే దాని మీద కొత్త వెర్షన్ రాసేశారు. బ్యాష్ స్క్రిప్టును మొత్తం ఒకేసారి చదివేసుకోదు, నడుస్తూ చదువుకుంటుంది. అందుకని మధ్య నుంచి కొత్త ఫైలు అందుకుంది. పైన విలువలిచ్చే లైన్లు నడవలేదు, వేరియబుల్స్ ఖాళీ. ఫైళ్ళు వెతికి చెరిపే ఫైండ్ కమాండ్ లాగ్ డైరెక్టరీని వదిలి అసలు డేటా మీద పడింది. 4 బృందాలకు బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. ఆ ఫైండ్‌కు ముందు విలువే ఇవ్వని వేరియబుల్ వాడితే ఆగిపొమ్మనే ఒక్క లైన్ ఉంటే, అంటే సెట్ కమాండ్‌కు యూ ఆప్షన్ (set -u) ఇచ్చి ఉంటే, స్క్రిప్టు అక్కడే ఆగేది. మీ సొంత స్క్రిప్టుల్లో ఆ లైన్ ఉందా?

అదే ఫైల్ సిస్టమ్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి చేసుకున్న కాపీని నేను బ్యాకప్ అనను. స్నాప్‌షాట్‌నూ (అదే స్టోరేజీలో ఒక క్షణంలో ఉన్న స్థితిని దాచేది) అనను, పొరపాటున చెరిపినప్పుడు అది ఆదుకుంటుంది గానీ స్టోరేజీయే పోతే దానితోపాటే పోతుంది. కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ కోడ్‌కు మంచిదే, కానీ 100 మెగాబైట్లు దాటిన ఫైలును తీసుకోదు.

ల్యాప్‌టాప్ వైపు కూడా చూసుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఫార్మాట్ ఫ్యాట్ 32 అయితే 4 గిగాబైట్ల ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ పడుతుంది, కానీ సింబాలిక్ లింకులు (వేరే ఫైలును చూపే గుర్తులు), అనుమతులు నిలవవు. ఫైల్ పేర్లలో టైం కోసం కోలన్ పెట్టి ఉంటే విండోస్ ఒప్పుకోదు. టార్‌ను విప్పకుండా అలాగే ఉంచితే వీటిలో చాలా తలనొప్పులు రావు. చేరాక చెక్‌సమ్‌లు సరిచూసి, ఒక ఆర్కైవ్ విప్పి, అందులోంచి ఒక గ్రాఫ్ మళ్ళీ గీయండి. అది వచ్చాకే క్లస్టర్‌లో ఆర్ఎమ్ (చెరిపే కమాండ్) కొట్టండి.

కోర్సు ముగించి వెళ్ళిపోయేవాళ్ళకు ఒక మాట. ల్యాబ్‌కు వదిలే ఫైళ్ళకు గ్రూప్ చదివే అనుమతి ఇచ్చి, ప్రాజెక్ట్ డైరెక్టరీలోకి మార్చి వెళ్ళండి. విసుగొచ్చి అన్నిటికీ 777 (అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే అంకె) కొట్టకండి, దానితో క్లస్టర్‌లో ఎవరైనా వాటిని మార్చొచ్చు, చెరపొచ్చు. గ్రూప్ చదవడానికి 750 చాలు, గ్రూప్‌లో అందరూ రాయాల్సిన డైరెక్టరీకి 2770. ముందున్న ఆ 2 వల్ల కొత్త ఫైళ్ళు కూడా ల్యాబ్ గ్రూప్ పేరు మీదే పుడతాయి.